కొండల వాకిట వేచినవాడు: ఆన్సెల్ ఆడమ్స్

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమతీరాన ఉన్న కాలిఫోర్నియాకు వెన్నెముకవలె సియెరా నెవాడా అనే పర్వతశ్రేణి ఉత్తరం నుండి దక్షిణానికి సుమారు 400 మైళ్ల పొడవున సాగి ఉన్నది. స్పానిష్ భాషలో ఆ పేరుకు మంచుకొండల వరుస అని అర్థం. ఆ శ్రేణికి పడమటి పార్శ్వాన, మెర్సెడ్ నది పారే తోవలో, పూర్వకాలపు హిమానీనదాలు దొలిచి విడిచిన లోయ ఒకటి ఉన్నది. దాని పేరు యోసెమిటీ. పొడవు ఏడు మైళ్లు. వెడల్పు ఒక మైలు దాటదు. ఇరుప్రక్కలా నిట్టనిలువు గ్రానైట్ గోడలు. తూర్పు కొసన సగానికి కోసివేసిన గుమ్మటంవలె హాఫ్ డోమ్ అనే శిఖరం లోయ నేలనుండి సుమారు 4,800 అడుగుల ఎత్తు లేచి నిలుస్తుంది. మన తిరుమల కొండ సముద్రమట్టానికి రమారమి 2,800 అడుగుల ఎత్తున ఉన్నదని తలచుకొంటే, ఆ రాతిగోడ ఎంతటిదో విద్యార్థులు ఊహించుకోగలరు.

వేసవి తొలినాళ్లలో పైకొండల మంచు కరిగి, మొత్తం 2,425 అడుగుల ఎత్తునుండి యోసెమిటీ జలపాతం గర్జిస్తూ దూకుతుంది. ఆగస్టు ముగిసేసరికి ఆ జలపాతమే చిక్కి, ఏడాదికొక తీరుగా, రాతిమీద తడిచారగా మిగలవచ్చు. శరత్తులో ఓక్ చెట్ల ఆకులు పండి రాలుతాయి. శీతకాలంలో కొమ్మకొమ్మకూ మంచు పేరుకొని, లోయ అంతా శబ్దం ఉడిగిపోతుంది. యాత్రికుడు వీటిలో ఒకదానిని చూచి, ఫోటో ఒకటి తీసుకొని, ఇంటికి పోతాడు. అన్నిటినీ చూచినవాడు, ఒక ఏడాది కాదు, 1916 నుండి 1984లో కన్ను మూసేవరకు ఏటేటా అక్కడకు వెళ్లి చూచినవాడు ఆన్సెల్ ఆడమ్స్. నలుపు తెలుపుల ఛాయాచిత్రంలో పర్వతాన్ని చూపడమంటే నేటికీ ముందుగా జ్ఞాపకం వచ్చే పేరు ఆయనదే.

ఆడమ్స్ 1902 ఫిబ్రవరి 20న సాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించాడు. తాతగారిది కలప వ్యాపారం. ఒకప్పుడు పెద్ద ఎత్తున నడిచినది. 1906 ఏప్రిల్‌లో ఆ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపంలో ఆడమ్స్ కుటుంబం ప్రాణాలతో బయటపడింది. కాని కొన్ని గంటల తరువాత మళ్లీ భూమి కంపించినప్పుడు నాలుగేళ్ల బాలుడు తోటగోడకు విసురుగా తగిలి ముక్కు విరుగగొట్టుకొన్నాడు. ఆ ముక్కు జీవితాంతం వంకరగానే ఉండిపోయింది. మరుసటి సంవత్సరం దేశంలో ఆర్థిక సంక్షోభం వచ్చింది. కలప వ్యాపారం కూలిపోయింది. తండ్రి చార్లెస్ ఆడమ్స్ బ్రతుకంతా ఆ నష్టాన్ని పూడ్చడంలోనే గడిచింది.

బాలుడు బడిలో కుదురలేదు. కుదురుగా కూర్చోవడం అతనికి చేతకాదు. కిటికీ బయట ఏమున్నదోనని చూపు. తండ్రి కొట్టలేదు, విసుగుకొనలేదు. పన్నెండేళ్ల ప్రాయంలో అతనిని బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పించాడు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగితే దానికి ఏడాది పొడుగునా చెల్లే టిక్కెట్టు కొనిపెట్టి, రోజూ అక్కడకు పోయి చూడడమే ఆ సంవత్సరపు చదువు అన్నాడు. ఇటువంటి తండ్రులు అరుదు. ఇటువంటి సాహసం అందరూ చేయదగినదని కూడా చెప్పలేము. కాని ఆ పిల్లవానికి అది సరిపడింది. అదే కాలంలో అతడు తనంతట తానే పియానో వాయించడం, స్వరలిపి చదవడం నేర్చుకొన్నాడు. తరువాత దొరికిన గురువులు కఠినులు. ఒక్క స్వరం మసకబారినా మొదటినుండి వాయించమనేవారు. ఇంట్లో నిలకడ లేని కుర్రవానికి ఆ శిక్షణ నిలకడను నేర్పింది. పెద్దయిన తరువాత ఛాయాగ్రహణంలో ఆయన చూపిన నియమనిష్ఠలకు మూలం పియానో మెట్లమీదనే ఉన్నది.

1916లో అతడు జ్వరపడి మంచంలో ఉన్నప్పుడు యోసెమిటీని గూర్చి హచింగ్స్ అనే పెద్దమనిషి వ్రాసిన పాత పుస్తకం ఒకటి ఎవరో చదువుకొమ్మని ఇచ్చారు. పుస్తకం ముగించేసరికి ఆ యేటి సెలవులకు అక్కడకే పోవాలని పట్టుబట్టాడు. తలిదండ్రులు తీసుకొనిపోయారు, అక్కడ అతని చేతికి చిన్న కోడక్ బ్రౌనీ పెట్టె కెమేరా ఇచ్చారు. హాఫ్ డోమ్‌ను చక్కగా పట్టాలని పుచ్చిన చెట్టు మొద్దుమీదికి ఎక్కాడు. మొద్దు విరిగింది, బాలుడు తలక్రిందులుగా పడుతూ మీట నొక్కాడు. ఆ ఫిలిం కడిగి చూస్తే కొండ తలక్రిందుగా వచ్చింది! ఆ బొమ్మ అంటే ఆయనకు జీవితాంతం ముచ్చట.

ఆ పిమ్మట ఏటా వేసవికి లోయకు పోవడం నియమమైంది. చలికాలంలో పియానో, వేసవిలో కొండలు. సాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫోటోల దుకాణంలో కొంతకాలం పనిచేసి ఫిలిం కడగడం, ముద్రించడం నేర్చుకొన్నాడు. 1919లో సియెరా క్లబ్ అనే సంఘంలో చేరాడు. కొండలను కాపాడే ఉద్దేశంతో 1892లో జాన్ మ్యూర్ మొదలైనవారు స్థాపించిన సంఘం అది. 1920 నుండి నాలుగు వేసవులు లోయలోని ఆ సంఘపు భవనానికి కాపలాదారుగా పనిచేశాడు. అప్పుడు పరిచయమైన ఫ్రాన్సిస్ హోల్మన్ అనే వృద్ధుడు, గనుల ఇంజనీరుగా పనిచేసి విరమించినవాడు, పక్షులను గమనించడంలో దిట్ట. ఆ పెద్దాయన వెంట గాడిదమీద సామాను వేసుకొని ఆడమ్స్ నెలల తరబడి ఎత్తైన కనుమలలో తిరిగాడు. ఏ పక్షి ఏ ఎత్తున కనబడుతుందో, ఏ మబ్బు పట్టితే వాన వస్తుందో, పగటి వెలుగు ఏ వేళకు ఏ లోయలోకి దిగుతుందో ఆ తిరుగుళ్లలో నేర్చుకొన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆడమ్స్ చిత్రాలలో జంతువులు తక్కువ. ఆయన వాడిన పెద్ద కెమేరాను మూడుకాళ్ల స్టాండుమీద నిలిపి, నల్లగుడ్డ తలమీద కప్పుకొని, అద్దంమీద తలక్రిందుగా కనబడే దృశ్యాన్ని సరిచూచుకొని, ఆ తరువాత పలకను అమర్చాలి. అంతసేపు లేడి నిలువదు గదా! అయినా మేఘం నిలిచేది కాదు, వెలుగూ నిలిచేది కాదు. కదలని కొండను తీయడం తేలిక అనుకొనేవారు ఈ సంగతి మరచిపోతారు.

1927 ఏప్రిల్ 10వ తేదీ ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన దినం. ఇంకా మంచు కరగని కాలం. అప్పటికి ఆయన వయస్సు ఇరవై అయిదు. చిత్రకారుడైన హ్యారీ బెస్ట్ కుమార్తె వర్జీనియా, మరి ముగ్గురు మిత్రులు తోడు రాగా, హాఫ్ డోమ్ పడమటి భుజంమీద లోయలోకి చొచ్చుకొని ఉండే రాతి అరుగుకు ఎక్కాడు. వీపున నలభై పౌనుల బరువు: కెమేరా, కటకాలు, స్టాండు, పన్నెండు గాజుపలకలు. దారిలో ఒకటి రెండు పలకలు పొరపాటున పాడైనాయి, కొన్ని వేరే దృశ్యాలకు ఖర్చయినాయి. అరుగు చేరి చూచుకొంటే రెండే మిగిలాయి. మధ్యాహ్నానికి ఎండ తిరిగి ఆ మహాశిలాముఖంమీద ప్రక్కవాటుగా పడడం ఆరంభించింది. మొదటి పలకను మామూలుగా వాడే పసుపుపచ్చ ఫిల్టరుతో తీశాడు. తీసిన మరుక్షణమే ఆయనకు తోచింది: తాను చూస్తున్న గాంభీర్యం ఈ పలకమీద రాదు, ఆకాశం మామూలు బూడిదరంగుగానే వస్తుంది అని.

విద్యార్థులకు ఇందులోని శాస్త్రం తెలియడం మంచిది. నలుపు తెలుపు పలకమీద నీలిరంగు వెలుగు గట్టిగా పనిచేస్తుంది. అందుచేత ఆకాశం తెల్లబోతుంది. కటకం ముందు ఎర్రని గాజు పెడితే అది నీలిని ఆపివేస్తుంది. అప్పుడు ఆకాశం దాదాపు నల్లగా వస్తుంది, ఎండ పడిన మంచు తెల్లగా నిలుస్తుంది. ఆడమ్స్ చివరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టరు అమర్చాడు. ఎరుపు గాజు వెలుగును బాగా తగ్గిస్తుంది గనుక అయిదు సెకన్లపాటు కటకాన్ని తెరిచి ఉంచవలసివచ్చింది. మూసివేశాడు. మరొక అవకాశం లేదు, మరొక పలక లేదు. ఆ రాత్రి కడిగి చూచుకొన్నప్పుడు కనబడినది కంటికి కనిపించిన కొండ కాదు, మనస్సుకు కనిపించిన కొండ. మీట నొక్కకముందే తుదిరూపాన్ని మనస్సులో చూడాలనే సూత్రం ఆనాడు ఆయనకు చిక్కింది. దానినే జీవితమంతా శిష్యులకు బోధించాడు.

వర్జీనియాతో ఆయన పరిచయానికి కారణం పియానో కావడం ఒక వింత. లోయలో బెస్ట్‌గారి చిత్రశాలలో పియానో ఒకటి ఉండేది. సాధన తప్పకుండా ఉండడానికి ఆడమ్స్ అక్కడకు పోయి వాయించుకొనేవాడు. 1928 జనవరిలో ఆ చిత్రశాలలోనే వారి వివాహం జరిగింది. మామగారు 1936లో మరణించగా చిత్రశాల వర్జీనియాకు సంక్రమించింది. ఆడమ్స్ కొండలలోనూ దూరదేశాలలోనూ తిరిగిన సంవత్సరాలలో ఆ దుకాణం నడిపినది ఆమె, పిల్లలిద్దరినీ పెంచినది ఆమె. కీర్తిమంతుల జీవితచరిత్రలలో ఇటువంటివారికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. ఈ వ్యాసమూ అందుకు మినహాయింపు కాలేకపోతున్నది.

పియానోనా, కెమేరానా అన్న ప్రశ్న చాలాకాలం ఆయనను వేధించింది. కెమేరాకు ఆత్మను పలికించే శక్తి ఉన్నదా అని తల్లికి సందేహం. 1930లో న్యూ మెక్సికోలోని టావోస్ అనే ఊళ్లో పాల్ స్ట్రాండ్ అనే ఛాయాగ్రాహకుడు తన నెగటివులను కొన్నిటిని వెలుగుకు ఎదురుగా పట్టి చూపించాడు. ప్రింట్లు కావు, ఉత్త నెగటివులు. వాటిని చూచిన మధ్యాహ్నమే ఆడమ్స్ నిశ్చయానికి వచ్చాడు. అప్పటిదాకా పేరున్న ఛాయాగ్రాహకులలో పలువురు కటకాన్ని మసకపరచి, గరుకు కాగితంమీద ముద్రించి, తమ ఫోటోలు వర్ణచిత్రాలవలె కనబడాలని పాటుపడేవారు. 1932లో ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్, విల్లర్డ్ వాన్ డైక్ ప్రభృతులు కలిసి ఆ ధోరణిని కాదన్నారు. కటకరంధ్రాన్ని ఎంత చిన్నది చేస్తే దగ్గరి గులకరాయి నుండి దూరపు శిఖరం వరకు అంతా స్పష్టంగా వస్తుంది. ఆ చిన్నరంధ్రపు సంఖ్య ఎఫ్ 64నే తమ బృందానికి పేరు పెట్టుకొన్నారు. బృందం ఎన్నో ఏళ్లు నిలువలేదు. దాని ప్రభావం నిలిచింది.

1939, 40 ప్రాంతాల లాస్ ఏంజెలెస్‌లో ఫ్రెడ్ ఆర్చర్ అనే సహోపాధ్యాయునితో కలిసి ఆయన ఏర్పరచిన పద్ధతి మరొకటి ఉన్నది. కటిక నలుపు నుండి తెల్లని కాగితం వరకు ఛాయలను సున్న మొదలు పది వరకు పదకొండు మెట్లుగా విభజించాడు; అయిదవది నడిమి బూడిదరంగు. కొండనీడ ఏ మెట్టున పడాలో ముందే నిర్ణయించుకొని, దానికి తగినట్లు వెలుగును కొలిచి తీయడం, ఎండ పడిన మంచు ఏ మెట్టుకు చేరాలో దానినిబట్టి నెగటివును కడగడం ఈ పద్ధతి. సంగీతం అభ్యసించినవాడు గనుకనే వెలుగుకు కూడా స్వరస్థానాలు కల్పించాడని అనిపిస్తుంది. నెగటివును స్వరలిపితోను, ప్రింటును కచేరీతోను ఆయన పోల్చేవాడు. అది ఉత్త అలంకారం కాదు. ఒకే నెగటివునుండి ముప్ఫై, నలభై ఏళ్ల అంతరంతో ఆయన చేసిన ప్రింట్లను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, యౌవనంలో మెత్తగా వచ్చిన ఆకాశం వార్ధక్యంలో నల్లగా, ఘోషించేటట్లుగా మారడం కనిపిస్తుంది.

1937 వేసవిలో యోసెమిటీలో ఆయన చీకటిగదికి నిప్పంటుకొన్నది. అప్పుడు వెస్టన్ అతిథిగా వచ్చి ఉన్నాడు. ఇంటివారూ అతిథులూ కలిసి మండుతున్న గదిలోనుండి నెగటివులు బయటికి లాగి, నీళ్లలో ముంచి, రాత్రి ప్రొద్దుపోయేవరకు కడిగి ఆరబెట్టారు. అయినా వేలకొద్దీ నెగటివులు పోయినాయి.

ఇంతవరకు చెప్పినది కళాకారుని కథ. అయితే ఆడమ్స్ చిత్రాలు గోడలమీదనే ఉండిపోలేదు. యోసెమిటీకి ఉత్తరాన హెచ్ హెచీ అనే మరొక లోయ ఉండేది. చూచినవారు అది యోసెమిటీకి చెల్లెలు అనేవారు. సాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి మంచినీళ్ల కోసం దానికి అడ్డంగా ఆనకట్ట కట్టడానికి 1913లో అమెరికా శాసనసభ అనుమతించింది. జాన్ మ్యూర్ పోరాడి ఓడి, మరుసటి ఏడాదే మరణించాడు. ఆ లోయ నేడు నీటి అడుగున ఉన్నది. ఈ ఓటమి సియెరా క్లబ్ సభ్యుల మనస్సులలో ముల్లువలె నిలిచింది. దక్షిణాన కింగ్స్ కాన్యన్ అనే లోతైన కొండప్రాంతానికి కూడా అటువంటి గతి పట్టకూడదని, దానిని జాతీయోద్యానంగా ప్రకటించాలని సంఘం తలపెట్టింది. 1936లో ఆడమ్స్‌ను తన ఫోటోల కట్టతో వాషింగ్టన్ పంపారు. ఆయన శాసనసభ్యుల గదులకు తిరిగి, ఎన్నడూ ఆ కొండలను చూడనివారికి కొండలను చూపాడు. ఆ యేడు పని కాలేదు. 1938లో ఆ పర్వతమార్గాల చిత్రాలతో అయిదువందల ప్రతులు మాత్రమే అచ్చయిన పెద్ద పుస్తకం వెలువడింది. ఒక ప్రతి దేశీయాంగ శాఖామంత్రి హెరాల్డ్ ఇక్కీస్‌కు చేరింది. మంత్రి దానిని అధ్యక్షుడు రూజ్వెల్టుకు చూపగా, అధ్యక్షుడు తన దగ్గరే ఉంచుకొన్నాడు; మంత్రికి మరొక ప్రతి పంపవలసివచ్చింది. 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయోద్యానం ఏర్పడింది. ఆ విజయం పుస్తకం ఒక్కదానిదే అనడం అతిశయోక్తి; ఏళ్లతరబడి ఎందరో పనిచేశారు. కాని కాలినడకన పోలేని రాష్ట్రపతికి, చక్రాలకుర్చీలో తిరిగే మనిషికి, ఆ కనుమలను కళ్లయెదుట నిలిపినవి ఆ చిత్రాలే.

ఆ రోజులలోనే ఆయనమీద ఒక అభియోగం వచ్చింది. దేశంలో లక్షలమందికి పని లేదు, తిండి లేదు. ఐరోపా యుద్ధంలో మండుతున్నది. ఈయన రాళ్లనూ చెట్లనూ ఫోటోలు తీస్తున్నాడేమి అని తోటి ఛాయాగ్రాహకులే అన్నారు. ఆ మాట ఆయనను నొప్పించింది. దానికి ఆయన ఇచ్చిన సమాధానమేమో మాటలలో కంటె 1943, 44 సంవత్సరాలలో చేసిన పనిలో చూడడం న్యాయం.

జపాను యుద్ధంలోకి దిగిన పిమ్మట అమెరికా ప్రభుత్వం పశ్చిమతీరంలోని జపాను సంతతివారిని, సుమారు 1,20,000 మందిని, ఇళ్లు విడిపించి నిర్బంధ శిబిరాలకు తరలించింది. వారిలో మూడింట రెండు వంతులవారు అమెరికాలో పుట్టిన పౌరులు. ఆడమ్స్ తలిదండ్రుల దగ్గర ఏళ్లతరబడి పనిచేసిన జపాను వృద్ధుని కూడా అట్లే తీసుకొనిపోయారు. సియెరా తూర్పుపాదంలో ఎడారిగాలి కొట్టే మాంజనార్ అనే చోట పదివేలమందితో ఒక శిబిరం వెలసింది. దాని అధికారి ఆహ్వానంపై ఆడమ్స్ తన ఖర్చుతో అక్కడకు వెళ్లి, పొలాలలో, బడులలో, పత్రికాకార్యాలయంలో పనిచేసుకొంటున్నవారి ముఖాలను తీశాడు. కాపలా బురుజులను, ముళ్లతీగలను తీయడానికి అనుమతి లేదు. 1944లో ఆ చిత్రాలను పుస్తకంగా ప్రకటించినప్పుడు, యుద్ధకాలంలో ఇది దేశద్రోహం అన్నవారు ఉన్నారు. ఆ తరువాతి తరంవారు మరొక వైపునుండి విమర్శించారు: నవ్వుముఖాలే చూపి దుఃఖాన్ని దాచాడని. రెండవ విమర్శలో కొంత సత్యం లేకపోలేదు. అయినా ఆనాడు ఆ పని చేసినవారు ఎందరు? 1965లో ఆయన ఆ నెగటివులన్నిటినీ తన దేశపు జాతీయ గ్రంథాలయానికి దానం చేశాడు.

ఆ శిబిరపు పనిమీద వెళ్లినప్పుడే, 1944 శీతకాలంలో, ఆయన చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనదొకటి సిద్ధించింది. మాంజనార్‌కు కొద్ది మైళ్ల దక్షిణాన లోన్ పైన్ అనే ఊరు 14,505 అడుగుల మౌంట్ విట్నీ శిఖరం పాదాన ఉన్నది. ఉదయసూర్యుని తొలికిరణాలు మంచుశిఖరాలను తాకే వేళ, క్రింద పచ్చికబయలు ఇంకా చీకటిలో ఉండగా, ఆ దృశ్యాన్ని పట్టాలని ఆడమ్స్ సంకల్పం. వరుసగా నాలుగు ఉదయాలు గడ్డకట్టే చలిలో వర్జీనియాతో సహా వెళ్లి నిలబడ్డాడు. మబ్బులు కలిసిరాక నాలుగు దినాలూ వట్టిచేతులతో వచ్చారు. అయిదవనాడు తెల్లవారకముందే పోయి కారు కప్పుమీద కట్టించుకొన్న వేదికపై కెమేరా నిలిపాడు. కొండలమీద వెలుగు పడింది. నడుమ నల్లని గుట్టల వరుస. దాని ముందు పచ్చికబయలు. ఆ బయలులో గుర్రం ఒకటి మేస్తున్నది, అదీ కెమేరావైపు వీపు పెట్టి! చెట్లవరుస వెనుకనుండి ఎండచార పచ్చికమీద ప్రాకి వస్తున్నది. అది గడచిపోతే ఆనాటికి అంతే. ఆఖరుక్షణంలో గుర్రం ప్రక్కకు తిరిగి నిలిచింది. మీట నొక్కాడు.

ఆ చిత్రానికి సంబంధించిన మరొక ముచ్చట ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించవచ్చు. నడిమి గుట్టలమీద లోన్ పైన్ ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ ఊరిపేరులోని తొలి అక్షరాలు రెంటిని సున్నంతో బ్రహ్మాండంగా వ్రాసిపెట్టారు. ఆడమ్స్‌కు అది కొండమీద మచ్చగా కనిపించింది. నెగటివుమీద ఆ అక్షరాలను చెరిపివేశాడు. ఇది అబద్ధం కాదా అని కొందరు నిలదీశారు. ఉన్నది ఉన్నట్లు స్పష్టంగా చూపాలని బృందం కట్టినవాడే ఈ పని చేయవచ్చునా? చేసిన సంగతి ఆయన దాచలేదు, పశ్చాత్తాపమూ పడలేదు. నాకు మాత్రం ఆ పిల్లల పక్షాన ఒక మాట అనాలని ఉన్నది. ఆ కొండ వారిది కూడా. మనుష్యుల అడుగుజాడ లేని పర్వతాన్ని చూపాలనే ఆరాటంలో ఆడమ్స్ ఆ కొండలలో బ్రతికే మనుష్యులను చాలాసార్లు చట్రం బయటనే నిలిపాడు. యోసెమిటీలో తెల్లవారికి ముందు శతాబ్దాలుగా అవానీచీ జాతివారు నివసించేవారన్న సంగతి ఆయన లోయచిత్రాలనుబట్టి ఎవరికీ తెలియదు.

1947 వేసవిలో అలాస్కాకు పోయి, ఉత్తర అమెరికా ఖండంలో అన్నిటి కంటె ఉన్నతమైన శిఖరాన్ని, డెనాలీ అనీ మెకిన్లీ అనీ రెండు పేర్లున్న 20,310 అడుగుల పర్వతాన్ని తీశాడు. అక్కడ వేసవిలో రాత్రి లేనట్లే. దోమలు క్రమ్ముకొంటుండగా వండర్ సరస్సు ఒడ్డున కాచుకొని, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర వేళ తెల్లవారే వెలుగులో తెల్లని కొండనూ క్రింది సరస్సునూ పట్టాడు. ఇంటికి చేరిన తరువాత యథాప్రకారం యోసెమిటీ. 1938లో వసంతపు డాగ్‌వుడ్ పూలు, 1948లో మంచుతుపానులో ఓక్ చెట్టు, 1960 డిసెంబరులో హాఫ్ డోమ్‌మీద చంద్రుడు. ఒకే కొండను ముప్ఫైమూడేళ్ల తరువాత మళ్లీ తీయవలసిన అగత్యమేమిటని అడిగేవారికి ఆ రెండు చిత్రాలే జవాబు. 1927 నాటిది ఇరవై అయిదేళ్లవాడు ఉలిక్కిపడి చూచిన కొండ. 1960 నాటిది పరిచితుని ఇంటి గుమ్మంలో దీపం వెలిగినట్లున్న కొండ.

1934 నుండి 1971 వరకు సియెరా క్లబ్ పాలకవర్గంలో ఉండి ఆయన వ్రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. అన్ని పోరాటాలూ గెలవలేదు. ఎత్తైన తెనాయా సరస్సు ప్రక్కగా పోయే పాతదారిని వెడల్పు చేయడానికి 1958లో గ్రానైట్ శిలలను పేల్చడం మొదలుపెట్టినప్పుడు ఆడమ్స్ తంతులు పంపాడు, పదవి వదులుకొంటానన్నాడు. పని కొద్దిరోజులు ఆగి మళ్లీ సాగింది, దారి పూర్తయింది. ఆ దారిన వచ్చే జనంలో ఎందరో ఆయన చిత్రాలు చూచి వచ్చేవారే. కొండను కాపాడడానికి చూపిన బొమ్మ కొండమీదికి కార్ల బారులను పిలిచింది. ఈ చిక్కు ఆయనకు తెలియనిది కాదు. చూపకపోతే హెచ్ హెచీకి పట్టిన గతి. చూపితే ఈ గతి. రెండవదానినే ఎన్నుకొన్నాడు.

1962లో సముద్రతీరాన కార్మెల్ ప్రాంతంలో ఇల్లు కట్టుకొని, మిగిలిన ఏళ్లు ఎక్కువగా పాత నెగటివులు ముద్రించడంలోను, పాఠ్యగ్రంథాలు వ్రాయడంలోను గడిపాడు. కెమేరా, నెగటివు, ప్రింటు అనే మూడు గ్రంథాల తుదిరూపాలు 1980, 83 నడుమ వెలువడినాయి. 1980లో దేశాధ్యక్షుడు కార్టరు చేతులమీదుగా పౌరులకిచ్చే అత్యున్నత పతకం స్వీకరించాడు. 1984 ఏప్రిల్ 22న, ఎనభైరెండేళ్ల వయస్సున, గుండెజబ్బుతో మరణించాడు. మరుసటి సంవత్సరం యోసెమిటీ ఉద్యానంలోని 11,760 అడుగుల శిఖరానికి ఆయన పేరు పెట్టారు.

వెలుగును కొలవడంలో అంతటి నిష్ఠ కలవాడు తేదీలు వ్రాసుకోవడంలో మాత్రం బహు అశ్రద్ధ. న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామంమీద చంద్రోదయపు చిత్రాన్ని గూర్చి ఒకసారి 1940 అనీ మరొకసారి 1944 అనీ చెప్పాడు. చివరకు ఖగోళశాస్త్రజ్ఞులు కలుగజేసుకొని, చంద్రుని స్థానాన్నిబట్టి అది 1941 నవంబరు 1 సాయంకాలం అని గణించారు. గ్లేసియర్ పాయింట్ అనే కొండకొమ్మునుండి తీసిన శరచ్చంద్రుని చిత్రాన్ని గూర్చి కూడా టెక్సాస్ విశ్వవిద్యాలయమొకదానిలోని ఆచార్యులు విద్యార్థులతో కలిసి లెక్క కట్టారు. శిఖరాలమీద నీడలు, చంద్రుని కళ, మంచు పరిమాణం చూచి 1948 సెప్టెంబరు 15, సాయంత్రం 7 గంటల 3 నిమిషాలు అని తేల్చారు. చంద్రుడు పందొమ్మిదేళ్లకొకసారి అదే తేదీన దాదాపు అదే కళతో అదే చోటికి వస్తాడు. మూడు ఆవృత్తులకు యాభైయేడేళ్లు. అనగా 2005 సెప్టెంబరు 15.

ఆనాటి సాయంకాలం గ్లేసియర్ పాయింట్ మీద మూడువందలమంది దాకా కెమేరాలు నిలుపుకొని తూర్పుకు తిరిగి నిలబడ్డారు. కొండలమీద ఎండ ఎర్రబడింది, నీడలు ప్రాకినాయి, చెప్పిన వేళకు చంద్రుడు పైకి వచ్చాడు.